మంచినీళ్ల కప్పలు

"అన్ని రకాలూ ఉండాయమ్మా, నీకు ఏవి కావాల్నో ఏరుకో" అంటూ హెబ్రోను కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పాడు.

ఆదిశేషమ్మ లోపలికి తొంగిచూసి, చటుక్కున తల వెనక్కి లాక్కుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి కప్పలు. పచ్చగా, లావుగా బోదురుకప్పలు. ఒళ్లంతా పొక్కులతో గోండ్రుకప్పలు. అరచేతిలో ఇమిడిపోయే చెట్టుకప్పలు. అన్నిటికన్నా అడుగున, ఒక కన్ను తెల్లగా పూసిన బోదురుకప్ప ఊరిపెద్దలాగా కదలకుండా కూర్చుని ఉంది.

"అది బో గట్టిది. పని తెలిసిన కప్ప" అన్నాడు హెబ్రోను.

అతను నెల్లూరు కాలేజీకి కప్పలు పట్టి ఇస్తుంటాడు. కప్పల మాటెత్తితే చాలు, అతని నోటికి ఇక అడ్డూ ఆపూ ఉండదు.

"ఇవేముండాయిలే అమ్మా! కాలేజీ అయ్యవారు నాకు బొమ్మలు చూపించినాడు. యాడనో దేశంలో కుంకుమరంగు కప్పలుండాయంట, ముట్టుకుంటే విషమంట. ఇంకో దేశంలో బిడ్డల్ని వీపున మోసుకుని తిరిగే కప్పలుండాయంట. కాళ్లే లేకుండా వానపాము మాదిరి పాకేవి కూడా కప్పలకు చుట్టాలేనంట!"

"మాకు కాళ్లుండేవి చాల్లే. ఎండెక్కక ముందే బావిలో వదులు. ఈ సంగతి ఎవరితోనూ అనబాక."

"ఎంతమాట! ఒకరి బావి సంగతి ఇంకొకరికి చెప్పే అలవాటు నాకు లేదమ్మా."

వసారాలో కూర్చుని ఇదంతా చూస్తున్న హజరత్తయ్య భార్యను చూసి పకపకా నవ్వాడు. "రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపించినారని పేపర్లో వేసినారు. మనమేమో కప్పల్ని బావిలోకి దించతా ఉండాం."

"నవ్వు, నవ్వు. కొడుకు బ్రహ్మచారిగా మిగిలిపోతే అప్పుడు కూడా నవ్వుదువుగాని."

దాంతో ఆయన నవ్వు ఆగిపోయింది. కృష్ణపట్నం పక్కన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు వాళ్లది. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఉప్పునీళ్ల ఊరికి పిల్లనివ్వరు, ఉప్పునీళ్ల ఊరి పిల్లను చేసుకోరు. ఆ చుట్టుపక్కల పట్టింపు అలాంటిది. ఒక్కగానొక్క కొడుకు పెంచలయ్య బంగారంలాంటివాడు. అయినా ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు బావిలో నీళ్లు తోడి నోట్లో పోసుకుని, ముఖం చిట్లించి, కబురు చేస్తామని వెళ్లిపోయేవాళ్లు. ఆ కబురు ఎన్నడూ వచ్చేది కాదు.

ఇప్పటి సంబంధం అల్లూరు అవతల పద్మనాభయ్య పెద్దకూతురు చెంచులక్ష్మిది. పోయిన వారం పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు వాళ్ల మర్యాదలకు ఆదిశేషమ్మ ముచ్చటపడిపోయింది. మంచినీళ్లు అడిగితే కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చారు. మళ్లీ అడిగితే మజ్జిగ తెచ్చారు. చెంచులక్ష్మీ, చెల్లెలు సామ్రాజ్యమూ ఒకరి వెనక ఒకరు గ్లాసులు అందిస్తూనే ఉన్నారు. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే బావిలోంచి ఒకటే బెకబెక.

"ఉప్పునీళ్లలో కప్ప బతకదు చెల్లెమ్మా. మా బావికి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు" అన్నాడు పద్మనాభయ్య, మీసం దువ్వుకుంటూ.

అలాంటి నీళ్లు తాగి పెరిగిన పిల్ల ఇక్కడికెందుకు వస్తుందని ఆదిశేషమ్మకు దిగులు పట్టుకుంది. ఆ దిగులులోనే ఈ ఉపాయమూ తట్టింది.

చెప్పినట్టే ఎండ ముదరక ముందే పద్మనాభయ్య ఇల్లు చూడటానికి బస్సు దిగి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మజ్జిగ ఇస్తే తాగలేదు.

"ముందు బావి చూపించు చెల్లెమ్మా."

బావిలో బెకబెక అన్న కప్ప ఒక్కటీ లేదు. ఉప్పు తగిలిన కప్పలన్నీ రాళ్ల సందులు పట్టుకుని పైకి పాకుతున్నాయి. చెట్టుకప్పలు అప్పుడే గిలక మీదికి చేరుకున్నాయి. గోండ్రుకప్ప ఒకటి గట్టు దాటి దూకి, పద్మనాభయ్య చెప్పు మీద కూర్చుంది. ఒంటికన్నుది మాత్రం సగం దారిలో రాయి మీద ఆగి తీరిగ్గా పైకి చూస్తోంది.

"ఇదేంది చెల్లెమ్మా? చెట్టుకప్పకు చెట్టు కావాల. గోండ్రుకప్ప గోడవార మట్టిలో ఉంటాది. వీటికి బావిలో ఏం పని?"

"కార్తీకం గదా బావగారూ, స్నానాలకు వచ్చుంటాయి" అన్నాడు హజరత్తయ్య.

ఆదిశేషమ్మకు ఏడుపొక్కటే తక్కువ. పద్మనాభయ్య గట్టు మీదికి వంగి ఒంటికన్నుదాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తనే బకెట్ దించి నీళ్లు తోడి, చెంబు ముంచి ఎత్తాడు. ఈ సంబంధమూ పోయినట్టే అనుకుని ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది. ఉమ్మేసే చప్పుడు వస్తుందనుకుంటే గుటకల చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచేసరికి ఆయన మూతి తుడుచుకుని రెండో చెంబు ముంచుతున్నాడు.

"నీళ్లు బాగుండాయి. ముహూర్తం పెట్టించండి" అన్నాడు.

ఆదిశేషమ్మకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. అంతలోనే మనసు పీకింది. ఇంత మంచి మనిషిని మోసం చేస్తున్నానే అనుకుంది.

"అన్నా, నీకొక మాట చెప్పాల. ఆ కప్పలు..."

"ఏమీ చెప్పబాక. మా పిల్లకు ఈ నీళ్లు సరిపోతాయి."

భోజనం చేసి, తాంబూలం వేసుకుని, పద్మనాభయ్య బయలుదేరాడు. వాకిలి దాటినవాడు ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ ఒంటికన్నుదాన్ని హెబ్రోనుకు భద్రంగా ఇచ్చి పంపు చెల్లెమ్మా, వచ్చే వారం మా సామ్రాజ్యానికి పెళ్లిచూపులు."