రెక్క విరిగిన పిట్ట

"అమ్మా, పిట్టకి రెక్క విరిగింది! పట్టుకో, పట్టుకో!"

చిట్టి వాళ్లమ్మ చెయ్యి పట్టి గుంజుతోంది. ఎదురుగా గడ్డిలో గోధుమరంగు పిట్ట ఒకటి రెక్కని నేల మీద ఈడ్చుకుంటూ, కీచుమంటూ, పడుతూ లేస్తూ పోతోంది.

"ముట్టుకోకు! దానికి ఏ రోగముందో ఏమో" అంటూ తల్లి భుజానున్న సంచిలో చెయ్యి పెట్టింది. కాచి చల్లార్చిన నీళ్లు, దోమల మందు, కట్టుగుడ్డ, పిల్లకి ఇంకో జత చెప్పులు. పిట్టకి పనికొచ్చేదేమైనా ఉందా అని వెతుకుతూనే అడుగు వెయ్యబోయి, కాలు గాల్లోనే ఆపేసింది. కాలి కింద చిన్న గుంట. అందులో మట్టిరంగు మచ్చల గుడ్లు.

తలెత్తి చూసేసరికి పిట్ట రెండు రెక్కలూ శుభ్రంగా ముడుచుకుని నిలబడి ఉంది. ఆమె గుడ్ల వైపు వంగిందో లేదో, మళ్లీ రెక్క విరిగింది.

"ఓసి నీ నాటకాలూ! నన్ను ఇక్కణ్ణుంచి తప్పించడానికా ఇదంతా?"

అంతలో వెనక నుంచి ఈల వినిపించింది.

"వరస తప్పొద్దు! ఒక్క పిచ్చిమొక్క మిగలకూడదు. అది పోతేనే మన గడ్డి బతుకుతుంది!" డ్రిల్లు మాస్టారి కేక. ఆయన వెనక కాలనీ కాలనీ అంతా నడుం వంచి, బరువైన బూట్లతో పచ్చికబయల్లో కలుపు ఏరుకుంటూ తిన్నగా గుడ్ల మీదకే వస్తోంది. పిట్ట పరుగున వెళ్లి వాళ్ల ముందూ పడింది, దొర్లింది. ఒక్కరూ చూస్తే ఒట్టు. అందరి చూపూ కలుపు మీద, నోళ్లేమో పక్కింటివాళ్ల మీద.

"మాస్టారికి చెప్పమ్మా!"

"చెబితే ఇంకేమైనా ఉందా? మొన్న ఎక్కడా లేని పువ్వు పూసిందని చెబితే, ఫోటోల కోసం ఎగబడి ఆ పువ్వునే తొక్కేశారు కదే!"

బూట్ల చప్పుడు దగ్గరికొచ్చేసింది. పిట్ట అలసిపోయి ముక్కు తెరిచి రొప్పుతోంది. తల్లి దానికేసి ఒక్క క్షణం చూసింది.

"నువ్వు కూర్చో. నేను చూస్తా."

మరుక్షణం బయలంతా దద్దరిల్లింది. "అమ్మోయ్! నా కాలోయ్!" ఎడమకాలు ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ ఆమె గేటు వైపు దారి తీసింది. వెనక చిట్టి, చిట్టి వెనక కాలనీ.

"ఆగవే పిల్లా, పట్టుకుంటాం!" టైలరక్క అరిచింది.

"ఆగలేనక్కా! ఆగితే ఎక్కువవుతోంది!"

"కుంటుతూనే ఇంత జోరైతే, మామూలుగా ఎట్లా ఉంటుందమ్మా మీ నడక!" అంటూ మాస్టారు ఆయాసపడ్డారు.

గేటు దగ్గర గొడుగు కింద కుర్చీలో ఆమె అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడకి కుడి మోకాలి నొప్పి. కోడలు కాపురానికొచ్చిన రోజే పట్టేసిన ఆ మోకాలు, మళ్లీ అంట్ల దగ్గర వంగింది లేదు.

అందరూ కోడల్ని మెట్టు మీద కూర్చోబెట్టారు. టైలరక్క సంచిలోంచి కట్టుగుడ్డ లాగి, ఆమె చాపిన కుడి మడమకి బిగించి చుట్టింది. ఆమె "అబ్బా" అని, కాస్త ఆగి ఇంకో "అబ్బా" కూడా అంది.

"ఇవాళ్టికి చాలర్రా" అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ. "ఆ మూల సంగతి వచ్చే నెల చూద్దాం."

తల్లి ప్రాణం కుదుటపడింది. వచ్చే నెలకి ఆ గుడ్లకే కాళ్లొస్తాయి. దూరంగా పిట్ట గుంట చేరి, రెక్కలు సర్దుకుని కూర్చుంది.

జనం తలో దారిన వెళ్లిపోయారు. అత్తగారు మాత్రం కోడలి కాలి కట్టు వంకే చూస్తోంది. కోడలు ఆ కాలు వెనక్కి లాక్కుంది. ఈవిడ ఇంటికెళ్లి కొడుకుతో ఏం చెబుతుందో!

అత్తగారు అటూ ఇటూ చూసి, వేలితో దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించింది.

"ఏడుపు బాగుంది, పడడం ఇంకా బాగుంది. కానీ ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి కుడికాలికి కట్టించుకుంటారటే? ఇన్నేళ్లలో ఒక్కసారైనా నేను మోకాలు మార్చానా?"