పెద్దరికం పళ్ళెం

"అక్కా, రా. చేప చల్లారిపోతోంది," అంది తౌసలా, చాప మీద పక్కకు జరిగి.

సియెనీ రాలేదు. చెల్లెలి ముందు పళ్ళెం పెట్టి, ఎడంగా కూర్చుని విసనకర్రతో ఈగలు తోలసాగింది. ఆ ఉదయమే సమోవా దీవుల్లోని వాళ్ళ కుటుంబం తౌసలాకు ఇంటి పెద్దరికం కట్టబెట్టింది. బుద్ధెరిగినప్పటి నుంచి అక్కచెల్లెళ్ళది ఒకటే పళ్ళెం.

"పెద్ద తిన్నాకే మిగతావాళ్ళు తినాలి. మరిచావా?"

"ఆపియా పట్నంలో నాయకత్వ శిక్షణకు వెళ్ళానే, అక్కడ ఏం చెప్పానో తెలుసా? ఎవరికంటే ముందు ఉండను, అందరితో కలిసి తింటాను అన్నాను. చప్పట్లు కొట్టారు."

"కొడతారు. వాళ్ళింట్లో మలాకి బాబాయి లేడుగా." సియెనీ గొంతు తగ్గించింది. "పెద్దరికం తనకు రాలేదని అదిగో, స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. నేనిప్పుడు నీ పళ్ళెంలో చెయ్యి పెడితే, నీకు పెద్దరికం మోయడం రాదని పొద్దుగూకేలోగా ఊరంతా చాటుతాడు. ఇక అదీ, దాంతో వచ్చే మన చేమతోటలూ ఆయన కొడుకులవే."

తౌసలా అలవాటుగా చేపను రెండుగా విరిచింది. "ఒక్క ముద్ద తిను అక్కా. ఆయన్ని చూడనీ."

మలాకి గొంతు సవరించుకున్నాడు.

సియెనీ విసనకర్ర ఆపి, తల వంచింది. అందరికీ వినబడేలా, "మీరు భోంచెయ్యండి," అంది.

అక్క తనను ‘మీరు’ అనడం తౌసలా ఎన్నడూ వినలేదు. ఇక ‘నువ్వు’ అనదని కూడా అర్థమైంది. తినడం మొదలుపెట్టింది.

తర్వాత వంటపాకలో అక్క ఒక్కతే కూర్చుని తింటుంది కదా అని, ముళ్ళు తక్కువున్న సగాన్ని ముట్టకుండా వదిలేసింది.