గాలి తీసిన మనిషి

పొద్దున్నే షెడ్డు దగ్గరికి వచ్చిన జయపాల్‌కు, ఎర్రబండి పక్కన గొంతుక్కూర్చుని టైర్లలో గాలి తీస్తున్న మనిషి కనిపించాడు.

అదీ, బండ్లు మొదలుపెట్టే రోజున.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వెనక జయపాల్‌కు కొంత చెలక భూమి ఉంది. చుట్టూ వెంచర్లు పడ్డాయి. అమ్మమని ప్లాట్లవాళ్ళు ప్రాణం తీస్తున్నారు. ఆయన అమ్మకుండా నాలుగు చక్రాల క్వాడ్ బైకులు రెండు తెచ్చాడు. సెలవురోజు పట్నం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కి తిరుగుతారని ఆశ.

టైర్ల కోసం ఆయన పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. దారి ఒక్కతీరుగా ఉంటే బాధ లేకపోయేది. మొదట గట్టి మొరం నేల, తర్వాత రాతిగుండ్లు, చివర చెరువంచున నల్లరేగడి. పెద్ద బొడిపెల టైరు బురదలో బాగా లాగుతుంది గానీ రాళ్ళమీద కుదిపేస్తుంది. చదును టైరు మొరం మీద హాయిగా పోతుంది గానీ బురదలో జారుతుంది.

హయత్‌నగర్ టైర్ల షాపు చుట్టూ తిరిగి తిరిగి, కూతురికి సంబంధం చూసినట్టు చూసి, పొట్టి బొడిపెలవి, పక్కలు మందంగా ఉన్నవి తెచ్చాడు. అప్పటికి షాపాయన టీ పోయడం కూడా మానేశాడు.

ఇంత చూసిన మనిషి గాలి సంగతి మాత్రం ఆలోచించలేదు. సాగర్ రోడ్డు మీద బాలనర్సింహ పంక్చర్ షాపులో, మోటర్ సైకిల్‌కు కొట్టించినట్టే కొట్టించాడు. గుద్దితే చెయ్యి నొప్పి పుట్టాలి, అప్పుడే అది గాలి అని ఆయన లెక్క.

నిన్న అక్కడే ఈ మనిషి తగిలాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన గడ్డం. టైరు నొక్కి చూసి, టైర్లు మంచివే తెచ్చావని, గాలే ఎక్కువైందని, కొంత తీయించమని చెప్పాడు. అడగని సలహాలు జయపాల్‌కు గిట్టవు. నీ పని చూసుకొమ్మన్నాడు.

ఇవాళ ఏకంగా ఇక్కడికే వచ్చేశాడు. ఎర్రబండి టైర్లు నాలుగూ మెత్తబడ్డాయి. నీలంబండి వైపు జరగబోతుంటే జయపాల్ కాలర్ పట్టుకున్నాడు.

"వెంచరోళ్ళు పంపిన్రా నిన్ను?"

"ఎవ్వరు పంపలే అన్నా. గింత గట్టిగుంటే రాయి తగలంగనే బండి ఎగిరి బోర్ల పడ్తది."

"నా బండి, నా ఇష్టం. నడువ్."

అతను నడవలేదు. షెడ్డులో హెల్మెట్ పెట్టుకుంటున్న మనోజను చూశాడు. మనోజ జయపాల్‌కు ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది.

"ఆ బిడ్డ ఎక్కేదాంట్లన్న తియ్యనియ్యి అన్నా. నీకు దండం పెడ్త."

జయపాల్ గేటుదాకా నెట్టుకుంటూ పోయాడు. అతని చొక్కా గుండీలు తెగాయి. అతను తిట్టలేదు, తిరగబడలేదు. గేటు అవతల నిలబడి నిజంగానే దండం పెట్టాడు. దొంగపని చేసి పైగా దండమొకటా అని జయపాల్‌కు ఇంకా మండింది.

మళ్ళీ గాలి కొట్టించుకొచ్చే టైం లేదు. జనం వచ్చేలోపు దారంతా ఒకసారి తిరిగి చూడాలి.

మనోజ అప్పటికే ఎర్రబండి ఎక్కి కూర్చుంది. జయపాల్ దింపేశాడు. వాడు దాన్నేం చేసి పెట్టాడో ఏమో, అది తనకే ఉండనీ అనుకున్నాడు. గాలి నిండుగా ఉన్న నీలంబండి కూతురికిచ్చాడు.

మొరం మీద ఇద్దరూ బాగానే వెళ్ళారు.

గుండ్ల దగ్గర నీలంబండి ఎగరడం మొదలుపెట్టింది. మనోజ నిదానంగానే పోతోంది. ఒక రాయి తగిలి ముందుచక్రం లేచింది. బండి తిరగబడి ఆమె మీద పడింది.

జయపాల్ పైప్రాణాలు పైనే పోయాయి. ఆ కంగారులో చూసుకోకుండా అదే రాయి మీదికి ఎర్రబండి ఎక్కించాడు. టైరు అణిగింది, బండి ఊగింది, దాటేసింది.

దవాఖానలో చేతి ఎముక విరిగిందన్నారు. తలకు ఏమీ కాలేదన్నారు. జయపాల్ అందరి ముందూ ఏడ్చేశాడు.

"ఆయన మంచికే చెప్పిండు బాపూ. నువ్వే ఇనలే" అంది మనోజ.

బాలనర్సింహకు తెలియదంటే, మర్నాడే హయత్‌నగర్ షాపుకు వెళ్ళి ఆ మనిషి గురించి అడిగాడు. షాపాయన ఆనవాలు వినగానే గుర్తుపట్టాడు. పేరు తెలియదట. క్వాడ్ టైర్లు కొన్నది ఎవరో కనుక్కుని, ఎంత దూరమైనా పోయి గాలి చూస్తాడట. ఊరు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. అక్కడే రత్నాకర్ అనే ఆయన ఇలాంటి బండ్లు నడిపేవాడని, బండి బోర్లపడి కూతురు చనిపోతే అన్నీ మూసేశాడని చెప్పాడు.

ఇంక చెప్పేదేముంది, ఆ తండ్రే ఇతను. బిడ్డను పోగొట్టుకున్నవాణ్ణా తాను కాలర్ పట్టి గెంటింది అనుకున్నాడు జయపాల్. కాళ్ళమీద పడదామనే బయల్దేరాడు.

రత్నాకర్ ఇంట్లో తలుపు తీసిన మనిషి వేరే. వెనక గోడమీద ఒక అమ్మాయి ఫొటో, దానికి దండ.

"రత్నాకరన్న ఉన్నడా?"

"నేనే."

జయపాల్ జరిగిందంతా చెప్పాడు. గాలి తీయడానికి వచ్చినాయనే ఈ బిడ్డ తండ్రి అనుకుని వచ్చానన్నాడు.

రత్నాకర్ లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. తానూ కూర్చున్నాడు.

"తండ్రిని నేను. ఆయన కృష్ణయ్య. యాడ తిరుగుతుండో ఇంటోళ్ళకే ఎరుక లేదు."

"మీకేమైతడన్నా?"

"ఏం గాడు. మా ఊర్ల పంక్చర్ షాపు ఉండె. ఆ పొద్దు మా బిడ్డ బండిల గాలి గట్టిగ కొట్టుమన్నది నేను, కొట్టింది ఆయన."