చెవి వెనక బిళ్ళ

ఇప్పుడు బడికి వెళ్ళే ప్రతి పిల్ల చెవి వెనకా ఒక బిళ్ళ ఉంటుంది. అది భయాన్నీ దిగులునీ రానివ్వదు, చదువు చెదరకుండా సాగుతుంది. మా మనవరాలు ఇందుజకు ఐదేళ్ళకే పన్నెండో ఎక్కం వచ్చు.

ఈ ఉదయం నేను దోసెలు పోస్తుంటే వచ్చి పెనం మీద వేలు పెట్టింది. నిన్నా పెట్టింది. ఆ బొబ్బ ఇంకా ఆరలేదు.

"కాలుతుందని తెలీదుటే?"

"తెలుసు అమ్మమ్మా. వేడి వస్తువును ముట్టుకున్నచో చర్మం కాలును," అని పాఠం అప్పజెప్పి, మళ్ళీ చెయ్యి చాపింది.

దాన్ని ఇవతలికి లాగి, స్టవ్వు కట్టేసి, బిళ్ళ పీకేశాను.

"పరీక్షలున్నాయి అత్తయ్యా," అన్నాడు అల్లుడు శ్రీకర్ గుమ్మంలోంచి. "అది ఏడుపు మొదలుపెడితే నావల్ల కాదు."

"ఏడవనీ నాయనా. పెనమంటే భయం తెలియాలిగా."

ఇందుజ వేలు చూసుకుంది. పెదవి వంకర తిరిగింది. పెనానికి దూరంగా జరిగి, నా కుచ్చిళ్ళలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో తలెత్తి ఇల్లంతా కలయజూసింది.

"అమ్మమ్మా, అమ్మేది?"

మా అమ్మాయి పోయి ఏడాదైంది. బిళ్ళ ఉన్నన్నాళ్ళూ ఈ పిల్ల ఒక్కసారీ అడగలేదు.

బిళ్ళ ఇమ్మని శ్రీకర్ చెయ్యి చాపాడు. నేనివ్వలేదు. దాన్ని కొంగున ముడేసి, పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాను.