పాటలో ఆగే చోటు

"పెద్దమ్మా, ఎక్కడ ఆగాలో తెలుసుగా?" అడిగాడు వెర్నన్. కౌంటీ జాతర పాటల పోటీకి ఏటా ఆయనే న్యాయనిర్ణేత.

"తెలుసు బాబూ. ఇవాళ ఆగకుండా పాడదామని వచ్చాను. చచ్చేలోపు ఒక్కసారన్నా," అంది ఒలీటా. ఆవిడెవరో అక్కడెవరికీ తెలియదు.

"అలా పాడితే బహుమతి రిబ్బను రాదు."

"రాకపోతే పోనీ."

కెంటకీ కొండల్లో ఆ పోటీకి ఒకటే పాట. ఇల్లు చేరబోయే బొగ్గుగని కూలివాడి పాట.

మొదట పాడినావిడ పేరు ఎవరికీ తెలియదు. ఆవిడ పాడిన పాత గ్రామఫోను రికార్డు మీది పేరు కాగితం ఎప్పుడో ఊడిపోయింది. తర్వాత పేరున్న గాయకులు ముగ్గురు అదే పాటను రికార్డు చేశారు. ఒకాయన ఫిడేళ్ళు పెట్టాడు, ఒకావిడ సాగదీసింది, ఇంకొకాయన డ్రమ్ములు దంచాడు. కానీ "దీపం ఆర్పకు" అన్నాక గుక్క ఆపి, అప్పుడు "వస్తున్నా" అనడం ఎవరూ మానలేదు.

ఏడుపంతా ఆ ఆగడంలోనే ఉందంటాడు వెర్నన్.

ఒలీటా వేదికెక్కింది. కూతురు ట్వైలా పక్కన నిలబడి గిటారు అందుకుంది.

మొదట్లో గొంతు కాస్త జీరపోయింది. ఎవరో నవ్వారు కూడా.

రెండో చరణానికి జాతరలో తింటున్నవాళ్ళ చెంచాలు ఆగిపోయాయి.

"దీపం ఆర్పకు వస్తున్నా!"

ఒకే గుక్కలో అనేసింది. ఇన్నేళ్ళుగా దారిలోనే తడబడుతున్న ఆ కూలివాడు ఆ పూట నిజంగా ఇంటికొచ్చేశాడు. జనమంతా లేచి నిలబడ్డారు. టోపీలు గాల్లోకి లేచాయి. వెర్నన్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

అయినా నియమం నియమమే. మొదటి బహుమతి నీలం రిబ్బను, చక్కగా ఆగి పాడిన మరో పోటీదారు చొక్కాకి గుచ్చాడు.

మనసు ఒప్పక ఆవిడ పికప్ బండి దాకా వెళ్ళాడు. ఒలీటా మొహం వెలిగిపోతోంది.

"గెలిచినదానిలా ఉన్నావే," అన్నాడు.

"గెలిచానుగా."

"అంత బాగా పాడావు. ఆ ఒక్కచోట ఆగితే నీ సొమ్మేం పోయింది పెద్దమ్మా? మొదట పాడిన మహాతల్లి ఎంతో ఆలోచించి పెట్టిన చోటది."

"ఆలోచనా పాడా!" పకపకా నవ్వింది ఒలీటా.

ట్వైలా బండి స్టార్ట్ చేసింది.

"ఆ రోజు రికార్డింగులో నేను కావాలని ఆగలేదు నాయనా, కడుపులో ఉన్న ఇది తన్నింది," అంది ఒలీటా, కూతురి భుజం తడుతూ.