పిడుగమ్మ ఏడుపు

"అమ్మా, ఇదే ఏడుపు ఇంకోసారి ఏడు. ఇందాక వెలుతురు సరిగ్గా పడలేదు," అన్నాడు కొడుకు, ఫోను కాస్త పక్కకు జరిపి.

అరగంటగా తల్లి కాళ్లావేళ్లా పడుతున్నది నిజంగానే. రింగులోకి దిగొద్దు నాన్నా, డాక్టరు చెప్పింది మర్చిపోయావా అని గడ్డం పట్టుకుని బతిమాలుతుంటే, ఆ పుత్రరత్నం అదంతా ఫోనులో పట్టేశాడు. పోటీ మొదలవడానికి ఇంకా గంట ఉంది. ఈలోగా 'వెళ్లొద్దని ఏడ్చిన అమ్మ' అని పెడితే జనం విరగబడి చూస్తారట.

లోకానికి అతను పిడుగు. మనుషుల్ని ఏడిపించి వీడియోలు తీయడం, తిట్లు పడగానే క్షమాపణ వీడియో తీయడం అతని వృత్తి. తప్పు కంటే క్షమాపణనే ఎక్కువ మంది చూసేవారు. ఆ మోజు తగ్గాక బాక్సింగ్ గ్లవ్స్ తొడిగాడు. ఒక పాటగాణ్ని, ఒక వంటల చానెల్ ఆయన్ని, మోకాళ్లు అరిగిపోయిన ఒక ఫుట్‌బాల్ ఆటగాణ్ని చితకబాది, తనకు తానే ఛాంపియన్ అని పేరు పెట్టుకున్నాడు. ఇవాళ ఎదురుగా దిగుతున్నవాడు మాత్రం నిజం ఛాంపియన్. రిటైరై ఐదేళ్లయినా ఆ చేతి దెబ్బ ఆ చేతిదే.

మూడు వారాల కిందట సాధనలో దెబ్బ తగిలి పిడుగు బాత్రూములో పడిపోయాడు. మారుపేరుతో స్కానింగ్ తీయించుకున్నాడు. ఎడమ కణత లోపల రక్తం గడ్డకట్టిందని, అక్కడ ఇంకొక్క దెబ్బ పడితే మనిషి మిగలడని డాక్టరు తల్లీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. కొడుకు ఆ కాగితాలు చింపి పారేశాడు. ఇప్పుడు తప్పుకుంటే పిరికివాడంటారని అతని బాధ.

"రేపు చూపించుకుంటాలే. నువ్వెళ్లి ముందు వరసలో కూర్చో. కెమెరా నీ మీదే ఉంటుంది," అన్నాడు.

ఆమె ముందు వరసకు వెళ్లలేదు. పోటీకి ముందు బాక్సర్లను పరీక్షించే డాక్టరు ఏ గదిలో ఉన్నాడో వెతుక్కుంటూ వెళ్లింది. ఉన్న సంగతంతా ఆయన చెవిన వేసింది. ఆయన బల్ల చరిచి మరీ నవ్వాడు.

"అమ్మా, మా ఇంటిల్లిపాదీ మీ అభిమానులమే. ఆ మధ్య వీడియోలో కొడుకు పోయాడని మీరు ఏడ్చారే, మా ఆవిడకి రెండు పూటలు ముద్ద దిగలేదు. ఇంతకీ ఇవాళ కెమెరా ఎక్కడ పెట్టారు?"

ఆమె ఒట్టు వేసింది. కాగితాలు చూపించమన్నాడాయన. లేవంది. ఆయన ఇంకాస్త నవ్వాడు. పిడుగు వీడియోల్లో సగం ఏడుపులు ఆమెవే, అందుకే జనం ఆమెను ముద్దుగా పిడుగమ్మ అంటారు. ఇక ఆమె కన్నీళ్లను నమ్మేదెవరు? డాక్టరు ఆమె పక్కన నిలబడి ఒక ఫోటో దిగి, గుమ్మం దాకా సాగనంపాడు.

ఇక మిగిలింది ఒక్కడే. వసారా చివరి గదిలో మాజీ ఛాంపియన్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముసలి కోచ్ అతని చేతులకు గుడ్డపట్టీలు చుడుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అసలు ఈ పోటీకి మూలం ఆమె గొంతే. ఆర్నెల్ల కిందట నర్సునని ఫోను చేసి, మీ అమ్మాయిని బస్సు గుద్దింది, శవాన్ని గుర్తుపట్టడానికి రండి అని అతనికి చెప్పింది ఆమే. చెప్పులు కూడా లేకుండా ఆసుపత్రి దాకా పరిగెత్తాడు ఆ తండ్రి. గేటు దగ్గర పిడుగు కెమెరాతో ఎదురొచ్చాడు. ఆ పరుగు చూసి లోకమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

తను ఎవరో ఆమె చెప్పబోతే అతనే ఆపాడు.

"తెలుసమ్మా. లోపలికి రండి."

చూపించిన కుర్చీలో ఆమె కూర్చోలేదు. అతని కాళ్ల దగ్గర కూలబడింది. చేసిన పాపం ఒప్పుకుంది. స్కానింగ్ సంగతి దాచకుండా చెప్పింది. పళ్లు రాలగొట్టు, పక్కటెముకలు విరగ్గొట్టు, అందరి ముందూ వాణ్ని మట్టి కరిపించు, ఆ ఒక్క చోటు మాత్రం వదిలెయ్యి బాబూ అని వెక్కి వెక్కి ఏడ్చింది.

అతను నవ్వలేదు. కెమెరా ఎక్కడని అడగలేదు. ఆమెను లేవదీసి నీళ్ల సీసా అందించాడు.

"ఏ వైపమ్మా?"

"ఎడమ వైపు బాబూ. ఇదిగో, ఇక్కడ," అని ఆమె తన కణత మీద వేలు పెట్టి చూపించింది.

"చెవికి దగ్గరగానా?"

"ఇంకొంచెం ముందుకి."

"సరేనమ్మా. నేనూ పిల్లను కన్నవాణ్నే, ఆ బాధ నాకు తెలుసు. మీరు నిశ్చింతగా వెళ్లి కూర్చోండి."

ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అంత నీచం చేసినా కడుపులో పెట్టుకున్నాడు, కన్నకొడుకు కంటే ఈ పరాయివాడే నయం అనుకుంది. అతని తల మీద చెయ్యి వేసి చల్లగా ఉండమని దీవించింది. కొంగుతో కళ్లు తుడుచుకుని తలుపు దగ్గరగా వేసి బయటికి అడుగు పెడుతుంటే, లోపల అతను అదే మెత్తని గొంతుతో కోచ్‌కు చెబుతున్న మాట వినిపించింది.

"ఎనిమిది రౌండ్లూ అక్కర్లేదు మాస్టారూ. కుడి చెయ్యి బాగా బిగించి కట్టండి. వాడి ప్రాణం ఎడమ కణతలో ఉందట."