నల్లగుట్లపల్లె ఎవరిది?

మదనపల్లెలో మండలాల సరిహద్దులు చూసే సెల్ ఆఫీసు. కిటికీ పక్క గోడంతా వక్కాకు ఉమ్ములే. వరండా చివర మరుగుదొడ్డికి తలుపు ఊడిపోయి ఎన్నాళ్లయిందో. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని వచ్చిన భీమరావు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. కంపు ఆగలేదు.

వరుసలో అతని ముందు ముసలి అంకమ్మ ఉంది.

"మాది నల్లగుట్లపల్లె అప్పా. మనవరాలు రేవతికి నర్సింగ్ సీటొచ్చిండాది. రేపు సాయంత్రంలోగా కులం సర్టిఫికెట్ ఈకపోతే సీటు పోతాది. కంప్యూటర్లో పెండింగ్ అనే సూపిస్తాండాది. చేత్తో సంతకం పెట్టి సీలేసినా సాలంట. మా తాసిల్దారు యాడుండాడో సెప్పు."

గుమాస్తా తాళంచెవితో చెవి గెలుక్కుని, దానికంటిన గుబిలిని తీరిగ్గా చూసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఆ ఊరు మా దాంట్లో లేదు. పుంగనూరు పో."

భీమరావు ముందుకు వంగాడు. "నాదీ నల్లగుట్లపల్లె పనేనండి. నేను..."

"అయితే నువ్వూ ఆమెతోనే పో."

భీమరావు తిట్టబోయి మానుకున్నాడు. ఇలాంటి కిటికీల దగ్గర అతని నోరు ఎప్పుడో అరిగిపోయింది.

పాపం ఊరిదేం తప్పు? మొదట పుంగనూరు కింద ఉండేది. తర్వాత మదనపల్లెలో కలిపారు. మొన్న గీతలు మళ్లీ జరిపినప్పుడు చుట్టుపక్కల పల్లెలు చేర్చి ఆ ఊరి పేరుతోనే కొత్త మండలం చేసి, కుప్పం వైపు నెట్టారు. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. తిరిగి చచ్చేది మనుషులే.

పుంగనూరులో కౌంటరు మీద సగం తిన్న ఇడ్లీ పొట్లం, దాని మీద ఈగలు. అర్జీ రాసివ్వమన్నారు. అంకమ్మ భీమరావు జేబు వైపు చూసింది.

"ఆ పెన్ను ఈప్పా, ఎవురితోనన్నా రాపిచ్చుకుంటా."

భీమరావు జేబుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అది రాయదమ్మా."

పెన్ను కూడా ఇవ్వని మనిషిని ఆమె ఎగాదిగా చూసి, ఇంకెవరినో అడిగింది. అర్జీ తీసుకుని వాళ్లు చెప్పింది ఒకటే మాట, కుప్పం పొమ్మని.

కుప్పంలో అర్జీ చదవనైనా లేదు. "ఆ మండలం మాకింకా అప్పజెప్పలేదు. మదనపల్లెలోనే అడగండి." భీమరావు ఫైలును చంకలోకి ఎగదోసుకున్నాడు. ఛీ, ఇదీ ఒక ప్రభుత్వమేనా అనుకున్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. అంకమ్మ కొంగు ముడి విప్పి ఉడకబెట్టిన చెనక్కాయలు అతని చేతిలో పోసింది.

"తినప్పా. పొద్దన్నించి నువ్వూ ఏమీ తిన్లా."

తనూ ఒకటి ఒలుస్తూ మళ్లీ అందుకుంది. "ఈళ్లను గాదు, మా తాసిల్దారును అనల్ల. వాన్ని ఏసినట్టు ఆర్డరొచ్చి నెలయిందంట. యాడో ఏసీలో పండుకోనుంటాడు. మా రేవతి బతుకంతా వాని ఒక్క సంతకంలో ఉండాది. కనపడితే మొగాన ఉమ్ముతా."

"ఉమ్మాల్సిందేనమ్మా," అన్నాడు భీమరావు.

డ్యూటీలో చేర్చుకునే ఆఫీసు దొరక్క నెలరోజులుగా పచ్చ ఇంకు పెన్ను మూతైనా తియ్యని నల్లగుట్లపల్లె తహసీల్దారు, ఆమె పెట్టిన చెనక్కాయల్లో ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేకపోయాడు.